ఎఱ్ఱచందనమును, దాని జ్ఞాతులను గుర్తించుట

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల కాపులలో పలువురు నేడు మెట్టచేల గట్లమీదను, పైరుకు రాని రాతినేలలయందును ఎఱ్ఱచందనము నాటుటకు ఉత్సాహపడుచున్నారు. ఈ చెట్టు చేవ పట్టి చేతికి వచ్చుటకు దాదాపు ఒక తరము కావలెను. ఇరువదియేండ్లు కావలి కాచి పెంచిన పిమ్మట అది వేఱొక జాతి యని తేలినచో, పోయిన కాలము నెవ్వరును తిరిగి యీయజాలరు. కావున మొక్కను కొనునాడే దాని గుర్తు లెఱిగియుండుట అవసరము.

ఎఱ్ఱచందనము భూమండలమున మఱెక్కడను సహజముగా పుట్టునది కాదు. మన పాలకొండలు, శేషాచలము, లంకమల, వెలికొండలు మొదలగువానియందును, వానికి చేరువ తావులందును మాత్రమే యున్నది. ఇడుపులపాయ పరిసరములలోని కొండలవంటి ఎండకు కాగెడు రాతినేలలు దీనికి ప్రియములు. వేళ్ళచెంత నీరు నిలిచినచో ఓర్వలేదు. జపానువారు తమ షమిసెన్ అను తంత్రీవాద్యమునకును, చీనావారు పూర్వమునుండి విలువగల గృహోపకరణములకును ఈ చేవను కోరుచున్నారు. ఈ గిరాకి వలన అడవి తఱిగిపోవుచుండగా, 1995లో అంతర్జాతీయ వాణిజ్యమును అదుపుచేయు సైటిస్ ఒడంబడిక పట్టికలో దీనిని చేర్చిరి.

మొదట పేరువలన కలుగు పొరపాటును తీర్చుకొందము. శ్రీగంధమునకును దీనికిని చుట్టఱికము లేదు. ఎఱ్ఱని నున్నని గింజలు గల బండిగురివెందను కొందఱు ఎఱ్ఱచందన మని యమ్ముదురు, అదియు వేఱు. గింజనుబట్టియే దానిని తొలగింపవచ్చును, ఏలయనగా ఎఱ్ఱచందనపు గింజ, చుట్టును పలుచని రెక్క గల గుండ్రని కాయలో దాగియుండును.

నిజముగా చిక్కు పెట్టునది వేగి. వేగిస, యేగి, పెద్దేగి అనునవి దాని పేళ్ళే. పూర్వము సామర్లకోటలో తోట నడపిన రాక్స్‌బర్గు దొర దానికి శాస్త్రనామము పెట్టెను. అది ఎఱ్ఱచందనమునకు ఒకే కుదురున పుట్టిన జ్ఞాతి. మన కొండలలోనే పెరుగును. రెంటికిని పసుపుపచ్చని పూలే. రెంటికిని రెక్క గల కాయలే. గొడ్డలి గాటు పడినచో రెండును ఎఱ్ఱని రసమునే కార్చును. ఈ కడపటి గుర్తే పలువురను మోసగించుచున్నది. బెరడు గీచి, ఎఱ్ఱగా కారెను గనుక ఇది చందనమే యనుట తగదు. వేగి రసము గట్టిపడిన బంకయే అంగళ్ళలో కైనో అను పేర మందులకు అమ్ముడుపోయెడిది.

కావున ఆకును చూడవలెను. ఎఱ్ఱచందనపు ఆకు ఒక్కొక్క కాడకు సాధారణముగా మూడు చిట్టి ఆకులు కలది, అరుదుగా ఐదుండును. ఆ చిట్టి ఆకులు వెడల్పై, ఇంచుమించు గుండ్రముగా నుండి, కొనయందు కొంచెము నొక్కు కలిగి, అడుగువైపున సన్నని నూగుచే బూడిదవన్నెగా కనబడును. వేగి ఆకునకు ఐదు మొదలు ఏడు చిట్టి ఆకులుండును. అవి పొడవైనవి, నున్ననివి, కాడకు ఎదురెదురుగా గాక ఒకదాని తరువాత నొకటిగా అమరియుండును. వేగి చిట్టి ఆకు కొనయందును నొక్కుండవచ్చును గావున ఆ యొక్క గుర్తునే నమ్మరాదు. మలయా వైపునుండి వచ్చి పట్టణములలో బాటల ప్రక్క నీడకై నాటబడు మఱొక జ్ఞాతి కలదు. దాని చిట్టి ఆకులు ఇంకను ఎక్కువ, కొనలు సూదిగా సాగియుండును.

ఇందొక జాగ్రత్త కలదు. మొలక తొలుత వేయు ఆకులు ఎఱ్ఱచందనమునకును వేగికిని ఒంటి ఆకులే. మూడు చిట్టి ఆకులుగా చీలుట తరువాతి ఆకులలో కనబడును. జానెడైనను లేని మొక్కను చూపి ఇది చందన మని ఎవరు చెప్పినను, చీలిన ఆకులు వచ్చువఱకు సొమ్ము చెల్లింపకుండుట మేలు. ఒక ఆకును గాక, వేర్వేఱు మొక్కలనుండి పదిపండ్రెండు ఆకులు లెక్కించుడు. ఒకటి రెండింట ఐదు చిట్టి ఆకులున్నను కలతపడ నక్కఱలేదు; ఎక్కువ వాటియందు ఐదు, ఏడు కనబడినచో ఆ మొక్కలను వదలుడు. కాయనుబట్టి విత్తనము కొనుట కంటె, తెలిసిన చెట్టుక్రింద ఏరిన విత్తనము కొనుట క్షేమము. కాయలు చూపునకు అంతగా పోలియుండును.

ఆకు రాలిన కాలమున బెరడే ఆధారము. ముదిరిన ఎఱ్ఱచందనపు బెరడు నల్లని గోధుమవన్నెతో, నిలువుగాను అడ్డముగాను లోతైన బీటలు పడి, మొసలి తోలువలె నలుచదరపు బిళ్ళలుగా నుండును. పొడవునుబట్టి తీర్పు చేయరాదు. మంచినేలలో వేగి మహావృక్షమగును గాని, రాతినేలలో అదియు గిడసబారి చందనమంతయే యుండును.

కోసిన కఱ్ఱ విషయమున సందేహ మంతగా నుండదు. ఎఱ్ఱచందనపు చేవ ముదురెఱుపు, నీటిలో మునుగును. దాని పొడి చల్లని నీటికి రంగునీయక, సారాయి స్పిరిటునకు మాత్రము ఎఱ్ఱని రంగు నిచ్చును. వేగి చేవ పసుపుకలిసిన గోధుమవన్నె. దాని ముక్కను నీటిలో నానవేసిన, వెలుగులో నీలిచాయ తోచెడు నీరు దిగును. ఆ కఱ్ఱ గిన్నెలలో నిలువయుంచిన నీరు మధుమేహమునకు త్రాగుట వాడుక. వేగి పనికిమాలినది కాదు. బండ్లకు, ద్వారబంధములకు వచ్చు మంచి కలప. చందనపు ధర పెట్టి దానిని కొనుట మాత్రమే నష్టము. లేత చెట్లలో చేవ యుండదు గనుక వానికి గాటు పెట్టి చూచుట వలన గాయము తప్ప ఫలము లేదు.

సోదరులారా, పట్టాభూమిలో మనమే నాటి పెంచిన ఎఱ్ఱచందనమైనను అటవీశాఖవారి అనుమతి లేక కొట్టుటకును, బండి కెక్కించుటకును వీలులేదు. 2023లో సైటిస్ సంఘమువారు మన దేశపు ఎఱ్ఱచందనమును తమ ప్రత్యేక విచారణ జాబితానుండి తొలగించుటచే, సాగుచేసిన కలప ఎగుమతికి కొంత వెసులుబాటు కలిగినది. అయినను చెట్టు తోటలో పెరిగినదనుటకు వ్రాతపూర్వక సాక్ష్యము కావలెను. నాటిన తేది, మొక్కలు తెచ్చిన చోటు, రసీదు, సర్వే నంబరు, చెట్ల లెక్క ఒక పుస్తకమున వ్రాసి, అటవీ రేంజి కచేరిలో నమోదు చేయించుడు. జాతి విషయమున ఇంకను అనుమానమున్నవారు తమ చేనిలోని చెట్టునుండియే ఆకులతో గూడిన చిన్న కొమ్మను కాగితముల నడుమ ఒత్తి ఆరబెట్టి, కాయ యొకటి జతచేసి, బెరడు ఛాయాపటముతో ఆ కచేరికి పట్టుకొనిపోవలెను. రిజర్వు అడవినుండి కొమ్మ తుంచి తేరాదు.