నీళ్ల మీద దిగిన విమానం: 208 సెకన్లు, ఆ తర్వాత

విమానం నీళ్లలో పడిందనే వార్త వినగానే మన చెవులు ముందు చావుల లెక్క కోసం చూస్తాయి. 2009 జనవరి 15న న్యూయార్క్‌లోని హడ్సన్ నది మీద దిగిన విమానం విషయంలో ఆ లెక్క సున్నా. లోపల 150 మంది ప్రయాణికులు, ఐదుగురు సిబ్బంది ఉన్నారు. 155 మందీ బతికారు. లోకమంతా దీనిని 'హడ్సన్ అద్భుతం' అంది. 2016లో టామ్ హాంక్స్ హీరోగా సినిమా కూడా వచ్చింది.

అద్భుతం అనే మాట మాకు అంతగా రుచించదు. అద్భుతం అనేశాక ఇక 'ఎలా' అని ఎవరూ అడగరు. మేము ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నవాళ్లం, 'ఎలా' అని అడగడమే మా పని. ఈమధ్య అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాల వల్ల మనలాంటి ఇళ్ల పిల్లలు కూడా తొలిసారి విమానం ఎక్కి పరాయి దేశాలకు చదువుకు వెళ్తున్నారు. ఇంట్లో అంతకుముందు విమానం ఎక్కినవాళ్లు లేకపోతే ఈ సంగతులు చెప్పేవాళ్లు కూడా ఉండరు కదా. అందుకే ఈ వ్యాసం.

ముందు జరిగింది చూద్దాం. అది యూఎస్ ఎయిర్‌వేస్ 1549 నంబరు విమానం, ఎయిర్‌బస్ ఏ320 రకం. మధ్యాహ్నం 3 గంటల 25 నిమిషాలకు న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయం నుంచి షార్లట్ నగరానికి బయలుదేరింది. కెప్టెన్ చెస్లీ సలెన్‌బర్గర్, కో-పైలట్ జెఫ్రీ స్కైల్స్. రెండు నిమిషాలు గడిచాయో లేదో, దాదాపు 2,800 అడుగుల ఎత్తులో కెనడా గూస్ అనే పెద్ద బాతుల గుంపు ఎదురైంది. ఒక్కో ఇంజనులోకి కనీసం రెండేసి బాతులు పోయాయి. ఈ బాతు బరువు సుమారు మూడున్నర కిలోలు. ఆ ఇంజన్లకు పరీక్ష పెట్టింది సుమారు 1.8 కిలోల ఒక్క పక్షితో. అది కూడా పక్షి తగిలాక ఇంజను నడవాలని కాదు, పేలిపోకుండా క్షేమంగా ఆగాలని. కాబట్టి ఇంజను తన పరీక్ష తప్పలేదు, పరీక్షలో లేని ప్రశ్న వచ్చింది. ఒక ఇంజను పోతే రెండోదానితో ఎగరవచ్చు. ఇక్కడ రెండూ ఒకేసారి పోయాయి.

ఇంజన్లు ఆగితే విమానం రాయిలా పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా పడదు. కొండ దిగే సైకిల్‌కు పెడల్ అవసరం లేదు కదా, అలాగే విమానం తన ఎత్తును ఖర్చు పెట్టుకుంటూ ముందుకు జారుతుంది. ఏ320 లాంటి విమానం రెక్కలు చదునుగా ఉంచి నేరుగా జారితే తన ఎత్తుకు సుమారు పదిహేను రెట్లకు అటూ ఇటూ దూరం పోగలదు. అయితే మలుపు తిరిగిన ప్రతిసారీ ఎత్తు అదనంగా ఖర్చవుతుంది. చేతిలో ఉన్నది మూడువేల అడుగుల లోపు. వెనక్కి తిరిగి లాగార్డియాకు వెళ్లాలంటే పెద్ద మలుపు తిరగాలి, దారిలో జనం కిక్కిరిసిన నగరం. చేరలేకపోతే పడేది ఇళ్ల మీద.

తర్వాత విచారణలో పైలట్లను సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి పరీక్షించారు. పక్షులు తగిలిన క్షణంలోనే వెనక్కి తిప్పితే కొన్నిసార్లు లాగార్డియా చేరగలిగారు. కానీ మనిషి అన్నవాడికి ఏం జరిగిందో గ్రహించడానికి, ఇంజను మళ్లీ అంటుకుంటుందేమో చూడడానికి కొంత సమయం పడుతుంది. అందుకు 35 సెకన్లు కలిపి చూస్తే చేరలేకపోయారు. పరీక్ష అయ్యాక కీ చూసుకుని జవాబు చెప్పడం ఎవరికైనా సులువే.

కెప్టెన్ ముందుగా చేసిన పని చిన్నదే, కానీ గొప్పది. తోక భాగంలో ఉండే సహాయక ఇంజనును వెంటనే ఆన్ చేశాడు. దాంతో కరెంటు నిలిచింది, విమానాన్ని అదుపు చేసే కంప్యూటర్లు పూర్తిగా పనిచేశాయి. రెండు ఇంజన్లూ పోయినప్పుడు చదవాల్సిన చెక్‌లిస్టు మూడు పేజీలు. అది 20,000 అడుగుల పైన ఉన్నప్పుడు తీరిగ్గా చదువుకోవడానికి రాసింది. అందులో కొంత భాగమే పూర్తయింది. స్కైల్స్ ఈ రకం విమానానికి శిక్షణ అప్పుడే పూర్తి చేసుకుని వచ్చాడు, చెక్‌లిస్టు ఎక్కడుందో తాజాగా గుర్తుంది. కొత్తవాడు కావడం ఒక్కోసారి లాభమే! పక్షులు తగిలినప్పటి నుంచి నీళ్లను తాకేదాకా 208 సెకన్లు. అంటే మన మెస్‌లో కంచం కడుక్కుని లైన్లో నాలుగడుగులు ముందుకు జరిగేంత సేపు.

ఇక నీళ్ల సంగతి. నీళ్లు మెత్తనివనే భ్రమ బావిలో దూకినవాళ్లెవరికీ ఉండదు. తలకిందుగా దూకితే సుళువుగా లోపలికి పోతాం, పొట్ట మీద పడితే ఒళ్లంతా మండిపోతుంది. కారణం, నీరు నొక్కితే కుంచించుకుపోదు, పక్కకు తప్పుకోవడానికి దానికి సమయం కావాలి. వేగం పెరిగేకొద్దీ ఆ సమయం దొరకదు, అందుకే నీరు గట్టి నేలలా ఎదురుతిరుగుతుంది. కాబట్టి నీళ్ల మీద దిగాలంటే ముక్కు కాస్త పైకెత్తాలి, వేగం తగ్గించాలి, అన్నిటికంటే ముఖ్యంగా రెండు రెక్కలూ సమానంగా ఉండాలి. ఒక రెక్క ముందు తాకితే అది అక్కడే పట్టుకుపోతుంది, మిగతా విమానం దాని చుట్టూ గిర్రున తిరిగి ముక్కలవుతుంది. 1996 నవంబర్ 23న కొమొరోస్ దీవుల దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. హైజాక్ అయిన ఇథియోపియన్ విమానం ఇంధనం అయిపోయి సముద్రంలో దిగింది. ఎడమవైపు ముందు తాకి విరిగిపోయింది. 175 మందిలో 125 మంది చనిపోయారు. హడ్సన్‌లో విమానం గంటకు సుమారు 230 కిలోమీటర్ల వేగంతో, ముక్కు సుమారు తొమ్మిదిన్నర డిగ్రీలు పైకెత్తి, రెక్కలు చదునుగా తాకింది. అయినా వెనుక భాగం అడుగు చిరిగి నీళ్లు లోపలికి వచ్చాయి.

నీళ్లపై దిగడంతో గండం గడవలేదు. జనవరి నెల, నీటి వేడి 5 డిగ్రీల సెంటిగ్రేడు, బయట గాలి సున్నాకు ఆరేడు డిగ్రీలు దిగువన. అంత చల్లటి నీళ్లలో పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, ఆ తర్వాత కొద్ది నిమిషాలకు కాళ్లూ చేతులూ మాట వినవు. ఈత వచ్చినవాడైనా అంతే. వెనుక తలుపులు వాడే వీలు లేకపోయింది. వెనుక ఉన్న ఒక ఎయిర్‌హోస్టెస్ కాలికి లోతుగా తెగింది, ఆ గాయంతోనే ప్రయాణికులను ముందుకు నడిపించింది. జనం రెక్కల మీదికి, తలుపుల దగ్గర తెరుచుకున్న గాలి తెప్పల మీదికి చేరారు. ఆ మార్గంలో వెళ్లే విమానానికి అలాంటి తెప్పలు తప్పనిసరి కాదు, ఈ విమానంలో ఉండటం కలిసొచ్చింది. కెప్టెన్ లోపల రెండుసార్లు అటూ ఇటూ తిరిగి ఎవరూ లేరని చూసుకుని చివరగా బయటికి వచ్చాడు.

లైఫ్ జాకెట్ సంగతి మాత్రం మీరంతా గుర్తుంచుకోవాలి. విచారణ నివేదిక ప్రకారం లోపలినుంచి బయటపడే ముందు తమంతట తాము జాకెట్ తీసుకున్న ప్రయాణికులు పదిమంది దాకానే. దాన్ని సరిగ్గా కట్టుకోగలిగినవాళ్లు నలుగురే. అది సీటు కింద ఉంటుందని బయలుదేరే ముందు చెబుతారు, ఎవరు వింటారు? ఇంకో సంగతి. జాకెట్‌ను విమానం లోపల ఊదకూడదు, తలుపు దాటాకే తాడు లాగాలి. కొమొరోస్ దగ్గర చాలామంది లోపలే ఊదుకున్నారు, నీళ్లు నిండగానే జాకెట్లు వాళ్లను పైకప్పుకు అదిమేశాయి. మీరు ఎక్కినప్పుడు ముందుకూ వెనక్కూ తలుపుదాకా ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో, చీకట్లో చేతితో తడుముతూ పోవడానికి ఆ లెక్కే దారి. బ్యాగు వదిలేయండి. అందులో సర్టిఫికెట్లు ఉన్నా సరే. మన దగ్గర సర్టిఫికెట్లంటే ఎంత విలువో మాకు తెలుసు, అయినా చెబుతున్నాం.

హడ్సన్ మీద రోజూ జనాన్ని దాటించే లాంచీలు ఉంటాయి. మొదటి లాంచీ నాలుగు నిమిషాల్లో చేరింది. వాళ్లు రక్షణ దళం కాదు, టికెట్టు ప్రయాణికులను దాటించే పడవవాళ్లు. 2019 సెప్టెంబర్ 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు కూడా ముందుగా నీళ్లలోకి పడవలు వేసింది ఒడ్డు ఊళ్ల గిరిజనులే. ఆనాడు 26 మందే బతికి బయటపడ్డారు. ఎక్కడైనా ముందు చేరేది దగ్గరున్నవాడే.

155 మందీ బతికారు, కథ కంచికి అని సినిమా ముగించవచ్చు. కానీ వంద మందికి గాయాలయ్యాయి, వాటిలో ఐదు తీవ్రమైనవి. పైకి కనబడని గాయాల లెక్క వేరు. సలెన్‌బర్గర్‌కు వారాల తరబడి నిద్ర పట్టలేదు. వేరేలా చేసి ఉండవలసిందా అనే ప్రశ్న రాత్రుళ్లు వదల్లేదని తనే చెప్పాడు. అప్పటికి దాదాపు ఇరవై వేల గంటలు ఎగిరిన మనిషి! నలభై రెండేళ్లుగా అనుభవమనే బ్యాంకులో కొద్దికొద్దిగా వేసుకున్నానని, ఆ రోజు ఒకేసారి పెద్ద మొత్తం తీయగలిగానని ఆయన అన్న మాట ప్రసిద్ధం. అదే మనిషి ఆ మరుసటి నెలలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందు, తన జీతంలో 40 శాతం కోత పడిందని, పెన్షన్ కూడా పోయిందని చెప్పాడు. దండలు వేసినవాళ్లు ఈ మాట అంతగా పట్టించుకున్నట్టు లేదు.

మాకు ఎక్కువ బాధ కలిగించింది విమానంలో లేని మనిషి కథ. ప్యాట్రిక్ హార్టెన్ అనే కంట్రోలర్ ఆ రోజు రేడియోలో పైలట్‌తో మాట్లాడుతున్నాడు. లాగార్డియా రన్‌వే ఇస్తానన్నాడు, పక్కనే న్యూజెర్సీలో టీటర్‌బరో ఇస్తానన్నాడు. నదిలో దిగబోతున్నామని జవాబు వచ్చింది. తర్వాత రాడార్ మీద చుక్క మాయమైంది. నదిలో దిగి బతికేవాళ్లుండరని ఆయన నమ్మకం. ఆఖరుసారి వాళ్లతో మాట్లాడింది తానే అనుకున్నాడు. ప్రమాదం జరిగింది, నేను బాగాలేను, మాట్లాడలేను అని భార్యకు మెసేజ్ పెట్టాడు. అందరూ బతికారని తెలిసిన తర్వాత కూడా ఆయన కుదుటపడడానికి నెలకు పైగా పట్టింది. ఒంటి మీద గీత లేదు, బట్ట తడవలేదు. అయినా దెబ్బ తగిలింది.

దీనికి కారణం ఉంది. ప్రాణభయం కలిగినప్పుడు మెదడు ఆ క్షణాన్ని మామూలు జ్ఞాపకంలా సర్దిపెట్టదు. చప్పుడు, వాసన, చలి అన్నీ విడివిడిగా అంటుకుని ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి మళ్లీ ఎదురైనా ఒళ్లు అప్పటిలాగే అదురుతుంది. ఇది పిరికితనం కాదు. ఎక్కువమందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా నిద్ర లేకపోతే, ఆ చోటును, ఆ మాటను తప్పించుకుని తిరగవలసి వస్తే చికిత్స అవసరం, చికిత్స ఉంది కూడా. హడ్సన్ ప్రయాణికుల్లో కొందరు వెంటనే మళ్లీ విమానం ఎక్కారు, కొందరు చాలాకాలం ఎక్కలేకపోయారు. ఏటా జనవరి 15 వస్తే వాళ్లలో చాలామంది కలుసుకుంటూ వచ్చారు. అది సంబరం కోసమే అని మేము అనుకోం. ఆ మాట అర్థమయ్యేవాళ్లు అక్కడే దొరుకుతారు.

మా పీజీ హాస్టల్లో ఒక తమ్ముడు ఉన్నాడు. వాళ్లది ఖమ్మంలో మున్నేరు ఒడ్డు. 2024 సెప్టెంబర్ వరదలో ఇంటిల్లిపాదీ ఒక రాత్రంతా డాబా మీద గడిపారు. ఎవరికీ ఏమీ కాలేదు, బియ్యం, పుస్తకాలు, టీవీ పోయాయంతే. ఇప్పటికీ గట్టిగా వాన పడితే అతను పడుకోడు. పెట్టె మంచం మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటాడు. 'అందరూ బాగానే ఉన్నారు కదరా' అని ఎవరైనా అంటే తల ఊపుతాడు. మన హాస్టళ్లలో ఇలాంటివాళ్లు గదికొకరు ఉంటారు. వరద, బస్సు ప్రమాదం, కరెంటు షాకు, ఏదో ఒకటి. బతికి వచ్చినవాడిని ఒక రోజు అందరూ చుట్టూ చేరి అడుగుతారు, రెండో రోజు నుంచి ఎవరూ అడగరు.

మాట్లాడించేవాళ్లు దగ్గర లేకపోతే టెలి మానస్ అనే ప్రభుత్వ సేవ ఉంది, 2022లో మొదలైంది. నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రి అయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరును హాస్టల్ నోటీసు బోర్డు మీద మెస్ బిల్లు పక్కన అంటించమని వార్డెన్ సారుకు ఈ సంచిక ద్వారా మనవి చేస్తున్నాం.