రొటేటర్‌కు గురి కన్నా పట్టు ముఖ్యం

2005 మే 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన పీఎస్ఎల్వీ-సీ6 రాకెట్, కార్టోశాట్-1తో పాటు హామ్‌శాట్ అనే 42.5 కిలోల బుల్లి ఉపగ్రహాన్ని కూడా మోసుకెళ్లింది. హామ్ రేడియో ఔత్సాహికుల కోసమే ఇస్రో తయారుచేసిన ఉపగ్రహం అది. కింది నుంచి 435 మెగాహెర్ట్జ్ దగ్గర పంపిన మాటను అందుకుని, 145 మెగాహెర్ట్జ్ దగ్గర తిరిగి భూమికి వదిలేది. 2014లో బ్యాటరీలు మొరాయించేదాకా తొమ్మిదేళ్లు సేవ చేసింది. అలాంటి ఉపగ్రహాలు ఇప్పటికీ మన తలమీదుగా రోజూ తిరుగుతున్నాయి. ఒక్కొక్కటీ ఒక దిక్కున పొడిచి, పది పన్నెండు నిమిషాల్లో మరో దిక్కున అస్తమిస్తుంది; ఇలా ఒకసారి దాటిపోవడాన్నే పాస్ అంటారు. ఆ కాసేపూ యాంటెన్నాను దానివైపే తిప్పుతూ ఉండే మోటారు యంత్రమే రొటేటర్. కొత్తగా స్టేషన్ పెట్టుకునేవాళ్లు దీన్ని కొనేటప్పుడు ముందుగా అడిగే ప్రశ్న ‘ఇది ఎన్ని డిగ్రీల కచ్చితత్వంతో తిరుగుతుంది?’ అని. 145, 435 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో పనిచేసే స్టేషన్‌కు ఇది మొదట అడగాల్సిన ప్రశ్న కాదు. గాలివానలో ఇది కదలకుండా నిలబడుతుందా, పాడైతే విప్పి బాగుచేసుకోగలమా అన్నవి దానికన్నా ముందు తేలాలి. ఎందుకో లెక్కలే చెబుతాయి.

డాబా మీద పెట్టుకునే మధ్యరకం యాగీ యాంటెన్నా చూపు సన్నటి గీతలా ఉండదు. అది సుమారు 40 డిగ్రీల వెడల్పున పరుచుకుని ఉంటుంది. గురి ఎంత తప్పితే ఎంత సిగ్నల్ పోతుందో చెప్పే సులువైన సూత్రం ఒకటుంది. తప్పిన డిగ్రీలను ఈ వెడల్పుతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 12తో గుణిస్తే నష్టం డెసిబెళ్లలో వస్తుంది. 5 డిగ్రీలు తప్పితే పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు కూడా కాదు. ఏకంగా 10 డిగ్రీలు తప్పినా ముప్పావు డెసిబెల్. చెవికి ఆ తేడా తెలియదు. ఇదే స్టేషన్‌లో యాంటెన్నా నుంచి రేడియో దాకా 20 మీటర్ల సన్నటి ఆర్జీ-58 కేబుల్ వాడారనుకుందాం. 435 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కేబుల్ ఒక్కటే 7 డెసిబెళ్లకు పైగా మింగేస్తుంది. అంటే యాంటెన్నా పట్టిన సిగ్నల్‌లో ఐదో వంతు మాత్రమే రేడియోకు చేరుతుంది. ఒక డిగ్రీ కచ్చితత్వం కోసం వేలు పోసి, కేబుల్ దగ్గర పొదుపు చేసేవాళ్లు కురిసిన వానను వదిలేసి మంచు బిందువుల్ని ఏరుకుంటున్నట్టే.

ఆకాశంలోని జ్యామితి కూడా ఈ మాటనే బలపరుస్తుంది. 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం దిక్చక్రం దగ్గర కనిపించేటప్పుడు మనకు సుమారు 2,570 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సరిగ్గా నడినెత్తికి వచ్చేసరికి ఆ దూరం 500కు తగ్గుతుంది. దూరం తగ్గిన కొద్దీ సిగ్నల్ బలపడుతుంది కాబట్టి ఒక్క ఈ కారణంగానే 14 డెసిబెళ్లు కలిసొస్తాయి. మరోవైపు, అది మనకు కనిపించే మొత్తం సమయంలో 30 డిగ్రీల కన్నా ఎత్తులో ఉండేది దాదాపు పదకొండో వంతు మాత్రమే. మిగతా సమయమంతా ఆకాశపు అంచుల్లోనే గడుస్తుంది. కనుక యాగీని 15 డిగ్రీలు పైకి వంచి బిగించేసి, టీవీ యాంటెన్నాలు తిప్పే చిన్న రొటేటర్‌తో పక్కలకు మాత్రమే తిప్పినా, దిక్చక్రం నుంచి 30 డిగ్రీల దాకా ఎక్కడా నష్టం 2 డెసిబెళ్లకు చేరదు. పైకీ కిందికీ ఎత్తే రెండో మోటారుకు పెట్టే డబ్బు నిజానికి ఆ పదకొండో వంతు సమయం కోసమే. మొదటి స్టేషన్‌కు ఒక మోటారు చాలన్నది నా అభిప్రాయం.

నడినెత్తి మీదుగా పోయే పాస్‌లే అన్నిటికన్నా బాగా వినిపిస్తాయి కదా, వాటిని వదులుకోవాలా అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అయితే రెండు మోటార్లున్న రొటేటర్ కూడా సరిగ్గా అక్కడే తడబడుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 400 కిలోమీటర్ల ఎత్తున సెకనుకు 7.66 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. అది 85 డిగ్రీల ఎత్తుకు చేరే పాస్‌లో, శిఖరం దగ్గర యాంటెన్నా పక్కకు సెకనుకు 12 డిగ్రీలకు పైగా తిరగాల్సి వస్తుంది. హామ్‌లలో బాగా వాడుకలో ఉన్న యేసు (Yaesu) కంపెనీ జీ-5500 రొటేటర్ ఒక పూర్తి చుట్టుకు దాదాపు ఒక నిమిషం తీసుకుంటుంది. అంటే సెకనుకు 6 డిగ్రీలు. అదైనా 60 హెర్ట్జ్ కరెంటుతో ఇచ్చిన లెక్క. మన దేశపు 50 హెర్ట్జ్ మీద ఆ పాత ఏసీ మోటారు మరికాస్త నెమ్మదిస్తుంది. ఎత్తే మోటారును 90 దగ్గర ఆపకుండా 180 డిగ్రీల దాకా వెనక్కి వాల్చే సదుపాయం ఈ చిక్కు కోసమే ఉంది. ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆన్ చేసుకుంటే యాంటెన్నా గిర్రున తిరగనక్కర్లేదు. చేసుకోకపోయినా ఆ కొద్ది సెకన్లలో గురి తప్పి పోయేదాన్ని ఉపగ్రహం దగ్గరితనం చాలావరకు పూడ్చేస్తుంది.

మరి డబ్బు దేనికి పెట్టాలి? పట్టుకు. గాలి తోపు వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 45 కిలోమీటర్ల గాలి అర చదరపు మీటరు అడ్డు మీద 5 కిలోల బరువంత తోస్తే, 180 కిలోమీటర్ల గాలి 80 కిలోల బరువంత తోస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ గాలులు ఆ స్థాయివే. కరెంటు ఆపినా యాంటెన్నాను కదలనివ్వని గేర్లు కావాలి. వర్మ్ గేర్‌కు ఆ గుణం సహజంగానే ఉంది. మోటారు దాన్ని తిప్పగలదు గానీ, గాలి వెనక నుంచి మోటారును తిప్పలేదు. రొటేటర్ మీద పడే భారాన్ని తగ్గించడం మన చేతుల్లో పని. రెండు బ్యాండ్ల యాంటెన్నాలనూ అడ్డకడ్డీకి చెరో కొసన, బరువు మధ్యకు వచ్చేలా బిగించాలి. ఒకవైపు బరువు ఎక్కువైతే ఎత్తే మోటారు రోజంతా దాన్ని మోస్తున్నట్టే. నిలువుగా, అడ్డంగా రెండు వరసల కడ్డీలున్న క్రాస్ యాగీలైతే అడ్డకడ్డీ ఇనుముది కాకుండా ఫైబర్‌గ్లాస్‌ది అయితే మేలు. లోహపు కడ్డీ సిగ్నల్‌ను చెదరగొడుతుంది. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం ఏ గేర్‌నూ నమ్ముకోకండి, యాంటెన్నాలను దించేయండి.

కచ్చితత్వం అసలు అక్కర్లేదని దీని అర్థం కాదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక మీటరు డిష్ చూపు 9 డిగ్రీలకు సన్నబడుతుంది, 10 గిగాహెర్ట్జ్ దగ్గర 2 డిగ్రీలకు. అక్కడ ఒక డిగ్రీ తప్పితే 3 డెసిబెళ్లు, అంటే సగం సిగ్నల్ పోతుంది. ఆ పనికి మరో తరగతి యంత్రం కావాలి, దాని ధర కూడా మరో తరగతిదే. అయితే 10 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువమంది వినేది 2018 నవంబరులో ఎగిరిన క్యూఓ-100 ఉపగ్రహాన్ని. అది భూస్థిర కక్ష్యలో ఒకేచోట నిలిచి ఉంటుంది. హైదరాబాద్ నుంచి పడమటి వైపు సుమారు 28 డిగ్రీల ఎత్తున డిష్ ఒకసారి బిగిస్తే చాలు, రొటేటరే అక్కర్లేదు. బలహీనమైన డిజిటల్ సంకేతాలకు ప్రతి డెసిబెలూ విలువైనదే కదా అనే వాదనా ఉంది. ఒప్పుకుంటాను. ఆ డెసిబెళ్లు చౌకగా దొరికే చోట్లు వేరు. మంచి కేబుల్, యాంటెన్నా పక్కనే చిన్న ప్రీయాంప్లిఫయర్, కంప్యూటర్‌లో సరైన గడియారం. గడియారం పది సెకన్లు తప్పితే అంతరిక్ష కేంద్రం 77 కిలోమీటర్లు పక్కన ఉన్నట్టే, నడినెత్తిన అది 11 డిగ్రీల తప్పు. ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకోవడానికీ, కక్ష్య వివరాలను తరచూ తాజా చేసుకోవడానికీ పైసా ఖర్చు లేదు.

నిర్వహణ విషయానికొస్తే, రొటేటర్‌కు మొదటి శత్రువు నీరు. పగలు వేడెక్కి రాత్రి చల్లబడే పెట్టె లోపల గాలిలోని తేమ చెమ్మగా మారుతుంది. అందుకే చాలా రొటేటర్లకు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. నీరు రాకుండా అన్నీ మూసేద్దామని దాన్ని కూడా సిలికాన్‌తో పూడ్చేవాళ్లున్నారు, చేయకూడని పని అది. కందిరీగలు మట్టి గూడు కట్టి పూడ్చినా ఫలితం ఒకటే. కేబుల్ పైనుంచి నేరుగా కనెక్టర్‌లోకి దిగకూడదు. కనెక్టర్ కన్నా కిందికి ఒక ఒంపు వేలాడేలా వదిలితే వాన చుక్కలు ఆ ఒంపు దగ్గరే రాలిపోతాయి. సముద్ర తీరంలో ఉప్పుగాలికి అల్యూమినియం కడ్డీకీ స్టీలు బోల్టుకూ మధ్య తుప్పు పుట్టి రెండూ అతుక్కుపోతాయి. బిగించే రోజే మరలకు పట్టుకోనివ్వని గ్రీజు పూస్తే, అయిదేళ్ల తర్వాత రంపంతో పని పడదు.

యంత్రం లోపలి జబ్బులను బయటి నుంచే చాలావరకు గుర్తించవచ్చు. కంట్రోల్ బాక్సు ముల్లు నిదానంగా జరుగుతూ ఒకచోట ఉన్నట్టుండి ఎగిరి, మళ్లీ దారిలో పడుతుందా? తిరుగుడును కొలిచే పొటెన్షియోమీటర్ ఆ చోట అరిగింది, లేదా మురికి పట్టింది. ఏసీ మోటారు గుయ్‌మంటూ మూలుగుతుంది గానీ కదలడం లేదా? మోటారును విప్పే ముందు కెపాసిటర్‌ను మార్చి చూడండి. గేర్ల మధ్య వదులు ఎంతుందో తెలుసుకోవడానికి ఇరుసు నుంచి ఒక మీటరు దూరంలో యాంటెన్నా నడిమి కడ్డీని, అంటే బూమ్‌ను పట్టుకుని మెల్లగా ఊపండి. అది 2 సెంటీమీటర్లు ఆడితే వదులు ఒక డిగ్రీకి కొంచెం పైన. 5 సెంటీమీటర్లయితే 3 డిగ్రీలు. ఇవి పెద్ద నష్టం చేయవని పైన లెక్క చూశాం. ఏడాదికేడాది ఆ వదులు పెరుగుతోందా అన్నదే చూడాల్సింది, కాబట్టి ఆ కొలత ఒక పుస్తకంలో రాసి ఉంచాలి.

అరుగుదలను తగ్గించే సులువైన ఉపాయం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఒక్కో డిగ్రీకి యాంటెన్నాను జరపమంటే, 180 డిగ్రీలు తిరిగే పాస్‌లో మోటారు 180 సార్లు మొదలై ఆగుతుంది. అయిదు డిగ్రీలకోసారి జరిపితే 36 సార్లే. రోజుకు ఆరు పాస్‌లు పట్టే స్టేషన్‌లో ఇది 1,080కీ 216కీ తేడా. ఆగి మొదలయ్యే ప్రతిసారీ గేర్ల పళ్ల మీద దెబ్బ పడుతుంది, మోటారు వేడెక్కుతుంది. అందులోనూ ఈ మోటార్లలో చాలావాటిని విడవకుండా తిప్పడానికి తయారుచేయలేదు. ఎంతసేపు తిప్పి ఎంతసేపు విశ్రాంతి ఇవ్వాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఇక ఉత్తరం సరిచూసుకోవడానికి ఇనుప స్తంభం పక్కన దిక్సూచిని నమ్మవద్దు. సాఫ్ట్‌వేర్‌ను సూర్యుడి మీదకు గురిపెట్టమనండి. బూమ్ నీడ పొట్టిదై ఒక మచ్చంత మిగిలితే గురి కుదిరినట్టే. నీడ ఒక పక్కకు సాగితే రొటేటర్‌ను ఎటు సర్దాలో అదే చూపిస్తుంది.

సొంతంగా చేసుకోవడం మేలా, కొనడం మేలా? గ్రీసుకు చెందిన లిబ్రే స్పేస్ ఫౌండేషన్ వారి శాట్‌నాగ్స్ రొటేటర్ నమూనా అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. త్రీడీ ప్రింటర్‌లో తీసిన భాగాలు, వర్మ్ గేర్లు, స్టెప్పర్ మోటార్లతో దాన్ని కట్టుకోవచ్చు. చిన్న యాంటెన్నాలకు అది బాగానే సరిపోతుంది. ప్లాస్టిక్ భాగాలు మన ఎండకు ఎన్నాళ్లు ఆగుతాయన్న సందేహం న్యాయమైనదే, కానీ పగిలిన భాగాన్ని మళ్లీ ప్రింట్ చేసుకునే వీలుంది. విదేశం నుంచి తెప్పించిన ఖరీదైన రొటేటర్‌లో ఒక చిన్న గేర్ విరిగి, అది దొరక్కపోతే స్టేషన్ నెలల తరబడి మూగబోతుంది. అందుకే కొనే ముందు అమ్మేవాళ్లను రెండు మాటలు అడగండి: విడి భాగాలు విడిగా అమ్ముతారా, లోపలి వైరింగ్ పటం ఇస్తారా అని. రెండింటికీ అవునని జవాబు రాకపోతే, ఆ యంత్రం పావు డిగ్రీకి గురి చూస్తుందన్నా సరే, కొనకండి.