గాడ్ ఆఫ్ వార్ వాల్కైరీలు: మన వీరగల్లుల్లోని అప్సరసలకు చుట్టాలా?

పోరులో పడిపోయిన వీరుడిని తీసుకెళ్లడానికి దేవకన్యలు దిగివస్తారు. మార్కాపురం, గిద్దలూరు గేమర్లకు ఈ మాట వినగానే ‘గాడ్ ఆఫ్ వార్’లో చెమటలు పట్టించిన వాల్కైరీలే గుర్తొస్తారు. కానీ ఇదే కథ మన రాళ్ల మీదా ఉంది. చాలా వీరగల్లుల్లో కింద యుద్ధం, మధ్యలో వీరుడిని పైకి తీసుకెళ్లే అప్సరసలు, పైన వీరస్వర్గం చెక్కి ఉంటాయి. పక్కనే పల్నాటి కారంపూడిలో వీరులకు ఇప్పటికీ ఏటా ఉత్సవం చేస్తారు.

తేడా ఎక్కడంటే, వాల్కైరీ అనే పేరుకే ‘హతులను ఎంచుకునేది’ అని అర్థం. నార్స్ పురాణాల్లో చనిపోయిన వీరుల్లో సగం మంది ఓడిన్ వల్‌హల్లాకు, సగం మంది ఫ్రేయా దగ్గరకు వెళ్తారు.

2018లో వచ్చిన గేమ్ ఈ కథను తిరగేసింది. ఓడిన్ వల్ల 9 మంది వాల్కైరీలు దేహాల్లో బందీలైపోయారు. తీసుకెళ్లేవాళ్లు లేక చచ్చినవాళ్లు మళ్లీ భూమ్మీదకొచ్చి తిరుగుతున్నారు. అందుకే క్రేటోస్ వాళ్లను ఓడించడమంటే విడిపించడమే. ఇది తెలిస్తే ఫైట్ బరువే మారిపోతుంది.

ముందు 8 మందిని ఓడించాకే రాణి సిగ్రున్ దగ్గరకు వెళ్లాలి. వాళ్ల దెబ్బలన్నీ ఆమె దగ్గర కలిపి ఉంటాయి. ఎర్ర రింగ్ కనిపిస్తే షీల్డ్ ఎత్తకండి, పక్కకు తప్పుకోండి.

పీసీలో ఆడాలంటే కనీసం 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 960 కార్డు, 70 జీబీ స్టోరేజ్ కావాలి. రోజుకు 1.5 జీబీ మొబైల్ ప్యాక్‌తో 70 జీబీ దించాలంటే 47 రోజులు! బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకోండి.