కాలువ గట్లే కాలిబాటలైన లోయ

ఇటలీ దేశపు ఉత్తరపు కొసన, ఆస్ట్రియా, స్విట్జర్లాండు సరిహద్దుల నానుకొని, ఆల్ప్స్ పర్వతముల నడుమ ఫిన్ష్‌గావ్ అను లోయ కలదు. ఇటాలియన్ భాషలో దీనిని వెనోస్తా లోయ యందురు. 1919లో కుదిరిన సంధివరకు ఇది ఆస్ట్రియా పాలనలోని ప్రాంతము. అందుచేత ఇక్కడి గ్రామస్థులలో అధికసంఖ్యాకులకు నేటికిని జర్మనే మాతృభాష. అడీజె నది ఈ లోయగుండ దిగివచ్చి మెరానో పట్టణమును చేరుచున్నది. లోయ యడుగున ఆపిల్ తోటలును, మెరానో దరిదాపుల ఎండ తగులు వాలులపై ద్రాక్షపందిళ్ళును, అన్నిటికిని పైన మంచుశిఖరములును కనుపించును. ఈ తోటల నడుమనుండి కొండవాలును చుట్టుకొనిపోవు కాలిబాటలలో నడచుటకై ఏటేట వేలాది జనులు దూరదేశములనుండి వచ్చుచున్నారు.

ఈ బాటలను విహారముకొరకే వేసియుందురని చూచినవారు తలచుట సహజము. కాని ఇవి సాగునీటి కాలువల గట్లు. కాలువను కాపాడు మనిషి నడచుటకై ఏర్పడిన త్రోవలు.

ఆల్ప్స్ పర్వతములనగానే ఎడతెగని వానలు, పచ్చిక బయళ్ళు మనకు స్ఫురించును. ఈ లోయ సంగతి వేరు. ఉత్తరమునను దక్షిణమునను ఉన్నత పర్వతశ్రేణులు మేఘములను అడ్డగించుటచే ఇచట ఏడాది వర్షపాతము సుమారు 500 మిల్లీమీటర్లు మాత్రమే. మన అనంతపురము జిల్లా సగటు వర్షపాతముకూడ ఇంతకంటె కొంచెము హెచ్చు! దక్షిణమున నున్న ఓర్ట్లర్ శిఖరము 3,905 మీటర్ల ఎత్తుగలది. ఇట్టి శిఖరములపై మంచు వేసవిలో కరగి వాగులై దుముకుచుండును. నీరు కంటికి కనబడుచునే యున్నది, పొలమునకు మాత్రము అందదు. ఈ చిక్కును విడదీయుటకు గ్రామస్థులు వందల ఏండ్ల క్రిందటనే కాలువలు త్రవ్విరి. వానిని స్థానికులు ‘వాల్’ అందురు.

వాగును ఎత్తున అడ్డగించి, అచటినుండి కొండ ప్రక్కగా అతి స్వల్పమైన వాటముతో కాలువను తీసికొనివత్తురు. వాటము హెచ్చినచో గట్టు కోసుకొనిపోవును, తగ్గినచో ఒండ్రు పేరును. మన్ను నిలుచు చోట మట్టికాలువ, నిలువని చోట రాతికట్టు. నిట్రముగానున్న బండ అడ్డము వచ్చినచో చెట్టు మొద్దులను దోనెలుగా తొలిచి, వానిని బండకు వ్రేలాడదీసి వానిగుండ నీరు పారించెడివారు. ఒక్క దోనె జారిపడినను దిగువనున్న పొలములన్నియు ఎండవలసినదే. గండి పడినచో దిగువ వాలు విరిగి ఇండ్లమీదికి రావచ్చును. కావున ప్రతి కాలువకును ఒక కావలివాడుండెను. వానిని ‘వాలర్’ అందురు. మన కోస్తా జిల్లాలలో కాలువ లస్కరు, రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరటి చేయు పనియే ఇతనిదియు. రాలిన ఆకులు తీయుట, ఎలుకబొరియలు పూడ్చుట, తూములు ఎత్తుట, దించుట ఇతని విధులు. ఇతడు దినదినము నడచిన త్రోవయే నేటి కాలిబాట.

వాలరునకు తోడుగా ఒక చిన్న యంత్రముకూడ ఉండెడిది. కాలువలో ఒక చిన్న నీటిచక్రము నమర్చి, అది తిరిగినపుడెల్ల ఒక సుత్తి గంటను కొట్టునట్లు చేసిరి. గంట మ్రోగుచున్నంతసేపు నీరు సరిగా పారుచున్నదని అర్థము. గంట ఆగెనా, ఎగువ ఎచటనో కాలువ పూడుకొనియుండవలెను, లేక తెగియుండవలెను. అర్ధరాత్రియైనను వాలరు గునపము, లాంతరు చేతబట్టి బయలుదేరవలసినదే. మ్రోగినపుడు గాక మానినపుడు మేల్కొలుపు గంట ఇది. ఇంత చవుకైన ఏర్పాటు మరియొకటి ఉండునా యనిపించును.

నీటి పంపకము వంతుల వారీగా జరిగెడిది. ఎవరి పొలమునకు ఎన్ని గంటలు, పగలా రాత్రియా అనునది ముందుగానే నిర్ణయమై యుండెడిది. వంతు దాటి నీరు మరల్చుకొనుట పెద్ద తప్పు. కాలువల మరమ్మతుకు లబ్ధిదారులందరును పనిచేయవలసియుండెను. మన కుడిమరమ్మత్తు ఆచారమును ఎరిగిన పెద్దలకు ఇందేమియు వింత తోచదు.

ఇరువదవ శతాబ్దము రెండవ సగమున పరిస్థితి మారినది. గొట్టములద్వారా ఒత్తిడితో నీరు చిమ్ము తుంపర సేద్యము ఆపిల్ తోటలకు వచ్చెను. నీరు తక్కువ పట్టును, కూలీల అవసరము తగ్గును, రాత్రి వంతులకు జాగరణ అక్కరలేదు. వసంతకాలమున పూత సమయములో మంచు పడినపుడు కూడ తుంపరలు అక్కరకు వచ్చుచున్నవి. పూవుపై పడిన నీరు గడ్డకట్టుచు కొంత వేడిమిని విడుచును. ఆ వేడిమి పూవును చలినుండి కాపాడును. నీటిని నడుమ ఆపినచో ఫలితము తారుమారగును గనుక, మంచు కరగువరకు చిమ్ముచునే యుందురు. ఇన్ని ప్రయోజనములున్న పద్ధతిని రైతు వలదనునా? వలదనలేదు. పెక్కు కాలువలు ఎండిపోయినవి, పూడిపోయినవి. వాలరులు లేకపోయిరి. కాలువ ఊటమీద బ్రతికిన గట్టు చెట్లును దెబ్బతిన్నవి.

అయినను కొన్ని కాలువలు మిగిలినవి. వానిని మిగిల్చినవారిలో నడచువారును ఉన్నారు. టెల్ అను చోటునుండి లానా వరకు తోటల నడుమ సుమారు 12 కిలోమీటర్లు సాగు మార్లింగ్ కాలువ 18వ శతాబ్దిలో ష్నాల్స్ లోయయందలి మఠమువారు త్రవ్వించినది. దాని కెదుటి వాలుపై ఆల్గుండ్ కాలువ ద్రాక్షపందిళ్ళ క్రిందుగా మెరానో వైపునకు పోవును. కాలువ గట్టు గనుక బాట దాదాపు సమతలముగా నుండును. ముసలివారు, పిల్లలు సయితము నడువగలరు. పర్వతదేశమున ఇది సామాన్య సౌకర్యము కాదు. నడచువారు దారిలో రైతుల ఇండ్లకడ ఆగి భోజనము చేయుదురు. శరదృతువులో కాల్చిన చెస్ట్‌నట్ కాయలును, క్రొత్త ద్రాక్షసారాయమును ఆ యిండ్లలో ప్రసిద్ధములు. ఈ విధముగా రైతుకుటుంబమునకు పంటకు తోడు మరియొక రాబడి కలుగుచున్నది. కాలువ మరమ్మతు భారమునుకూడ పలుచోట్ల రైతులతోపాటు గ్రామపాలక సంఘములు, పర్యాటక సంఘములు పంచుకొనుచున్నవి.

రైలు సంగతికూడ చెప్పవలెను. మెరానోనుండి మాల్స్ గ్రామము వరకు 1906లో వేసిన రైలుమార్గము నష్టదాయకమని 1990లో మూతపడెను. రాష్ట్ర ప్రభుత్వము దానిని చేపట్టి 2005లో మరల నడిపించినది. నడచువాడు ఒక స్టేషనులో దిగి, కాలువ వెంట నడచి, వేరొక స్టేషనులో రైలెక్కి బసకు చేరవచ్చును. బాట యొక్కటే ఉన్న చాలదు, బాట చివర బండి ఉండవలెనని వారు గ్రహించిరి.

అంతయు సుఖముగా నున్నదని చెప్పరాదు. బాట ఇరుకు. పలుచోట్ల సైకిళ్ళను నిషేధింపవలసివచ్చినది. త్రోవ చూపు పలకలపై పేర్లు జర్మనులో మాత్రమే యుండవలెనా, ఇటాలియనులోకూడ నుండవలెనా యని ఏండ్ల తరబడి వివాదము నడచినది. వీనికంటె గట్టి చిక్కు పురుగుమందులది. తోటలలో చల్లు మందు గాలికి కొట్టుకొని ప్రక్క పొలములకు, ఇండ్లకు, బాటలకు చేరుచున్నదని గ్రామస్థులు ఫిర్యాదు చేసిరి. మాల్స్ గ్రామములో 2014లో ఈ విషయమై ప్రజాభిప్రాయ సేకరణ జరిగెను. ఓటు వేసినవారిలో సుమారు నాల్గింట మూడు వంతులు గ్రామపరిధిలో అట్టి మందులు వలదనిరి. ఆపిల్ రైతులకు ఇది రుచింపలేదు, వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. తోట యజమాని పంటను కాపాడుకొనవలెను, ప్రక్కవాడు తన ఆరోగ్యమును కాపాడుకొనవలెను. ఉభయుల మాటయు త్రోసివేయదగినది కాదు.

ఐరోపాలోని ఏడు దేశములు కలసి చేసిన విజ్ఞప్తిపై 2023లో యునెస్కో సంస్థ సంప్రదాయ సాగునీటి విధానములను మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. ఆ ఏడింటిలో ఇటలీయు ఒకటి. గుర్తింపు పొందినది కట్టడము కాదు, నీరు పంచుకొను విజ్ఞానము, దానిని నడపు సంఘనిర్మాణము.

మన గ్రామములలోను కాలువగట్లు, చెరువుకట్టలు బడికి పోవు పిల్లలకు, పొలమునకు పోవు కూలీలకు దారులై యున్నవి. 1997 చట్టము క్రింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములకు కాలువ నిర్వహణ బాధ్యత కలదు. గట్టుపై నడచు జనుల మాట మాత్రము పలుచోట్ల ఎవరికిని పట్టదు. గ్రామపటమును, రెవెన్యూ రికార్డును సభ్యులు ఒకసారి తెప్పించుకొని చూచినచో కాలువ పోరంబోకు ఎంత వెడల్పు కలదో, అందు గట్టు ఎంత మిగిలినదో తెలియగలదు. కాలువకు సిమెంటు పూత వేయుటకో, గొట్టములు పరచుటకో అంచనాలు తయారగునపుడు ఆ కొలతలు చేతనుండుట అవసరము. పని ముగిసిన పిమ్మట గట్టును వెదకికొనుట కష్టము.