నోటిమాట కౌలు, కాగితమంటే దడ

కోనసీమలో అంబాజీపేట దగ్గర కాలువగట్టు మీద ఒక కౌలురైతు చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి చూపించాడు. పంట సాగుదారు హక్కు పత్రానికి పెట్టుకునే ఫారం అది. పేరుంది, సర్వే నంబరుంది, అతని సంతకమూ ఉంది. ఆసామి సంతకం ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. మడతల దగ్గర కాగితం అప్పుడే చిరుగుపట్టింది. “ఆయనగారు హైదరాబాదులో ఉంటారండి. ఫోన్లో అడిగితే ‘మన మధ్య కాగితాలేంటయ్యా’ అన్నారండి, ఆయ్” అన్నాడు.

ఆ మాటలో మర్యాద కొంత, భయం బోలెడు. పదేసి సెంట్లు కుంచమని లెక్కగట్టి, అర కుంచానికి కూడా గట్టు తగాదా పెట్టుకునే సీమ మనది. అదే సీమలో ఎకరాలకు ఎకరాల కౌలు మాత్రం వీధరుగు మీద నోటిమాటతో తేలిపోతుంది. ఎందుకని ఎవరిని అడిగినా చెప్పే జవాబు ఒకటే.

“కౌలుదారు పన్నెండేళ్లు చేశాడంటే పొలం అతనిదైపోతుంది”

రెండు మూడేళ్లకోసారి కౌలుదారును మార్చే ఆసాముల మనసులో ఉండేది ఈ పన్నెండే. అంకె నిజమే, 1963 నాటి లిమిటేషన్ చట్టంలో ఉంది. అయితే అది ఎవరికి? అసలు యజమాని హక్కును ఒప్పుకోకుండా, అందరికీ తెలిసేలా, “ఇది నాదే” అని ఎదురు నిలబడి అనుభవించినవాడికి. కౌలుదారు చేసేది సరిగ్గా దానికి తలకిందులు. ఏటా మక్తా తెచ్చి చేతిలో పెడుతున్నాడంటే, పొలం మీదేనని ఏటా ఒప్పుకుంటున్నట్టే. మీ అనుమతితో దిగినవాడు పన్నెండేళ్లు కాదు, అరవయ్యేళ్లు దున్నినా ఆ దున్నడం వల్లే యజమాని కాడు. ఇంకో మాట చెబితే ఆసాములు నమ్మరు గానీ, రాసిన కౌలు పత్రం ముందు కాపాడేది వాళ్లనే. ఫలానావాడు కౌలుకే దిగాడు అనడానికి అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది?

అలాగని భయం వట్టి గాల్లోంచి పుట్టిందీ కాదు. తెలంగాణలో 1950 నాటి కౌల్దారీ చట్టం, దాని 38-ఇ సెక్షను కింద రక్షిత కౌలుదారులకు యాజమాన్యమే ఇచ్చింది. కేరళలో 1970 జనవరి 1 నుంచి కౌలు పద్ధతే రద్దయి, దున్నేవాళ్లకు భూమి దక్కింది. జపాన్‌లో యుద్ధం తర్వాత ప్రభుత్వమే ఊళ్లో లేని భూస్వాముల పొలాలు కొని కౌలుదారులకు అమ్మింది. ఈ కబుర్లు ఊరూరా తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి “ఇక్కడా అంతేనట” అయ్యాయి. ఆంధ్ర ప్రాంతంలో మాత్రం జరిగింది వేరు. ఇక్కడి 1956 కౌలుదారీ చట్టం మక్తాకు పరిమితి పెట్టింది. 1974 సవరణ కౌలుకు కనీసం ఆరేళ్ల గడువు పెట్టింది. ఇష్టమొచ్చినప్పుడు వెళ్లగొట్టకూడదంది, అమ్మేటప్పుడు ముందు కౌలుదారునే అడగాలంది. రక్షణ గట్టిదే, దాన్ని తక్కువ చేసి చెబితే నేను అబద్ధమాడినట్టు. కానీ యాజమాన్యం మాత్రం కాదు.

అసలు తిరకాసు ఇంకొకటుంది. ఆ చట్టం కౌలు ఒప్పందం మాటల్లో చెప్పినదైనా, తీరును బట్టి తెలిసేదైనా సరే అంటుంది. అంటే కాగితం రాయనంత మాత్రాన ఆసామి చట్టం చేతిలోంచి తప్పించుకోలేదు, తన చేతిలో ఉండాల్సిన రుజువును మాత్రం పోగొట్టుకున్నాడు.

2011లో రుణ అర్హత కార్డులు, 2019 చట్టంతో సాగుదారు హక్కు పత్రాలు వచ్చింది ఈ భయాన్ని చూసే. ఈ పత్రం గడువు పదకొండు నెలలు. పంట మీద తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. పంట రుణానికి, బీమాకి, తుపాను నష్టపరిహారానికి దారి చూపిస్తుంది, అంతే. ఆసామి సంతకం తప్పనిసరి అన్న షరతు ఆయన్ని ధైర్యపరచడానికే పెట్టారు. చివరికి ఫారం ఆగిపోయేదీ అక్కడే. నా లెక్కన ఈ చట్టంలో పెద్ద లోపం అదే, భయపడేవాడి చేతికే తాళంచెవి ఇచ్చారు. 2011 సార్వాకి ఇదే కోనసీమ పంట విరామం ప్రకటిస్తే దేశమంతా తిరిగి చూసింది, ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. మురుగు దిగదు, కూలి పెరిగింది, గిట్టుబాటు లేదు అన్న లెక్కలన్నీ బయటికొచ్చాయి. కానీ మక్తా ఇచ్చి, పెట్టుబడీ పెట్టి ఆ లెక్కలన్నీ మోసే కౌలుదారు పేరు ఏ కాగితం మీదా లేకపోతే అతను రైతుల జాబితాలోకే రాడు.

కౌలు ఒక్కటే కాదు, భూమి గురించి ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి.

“పాసు పుస్తకం ఉంది, రిజిస్ట్రేషనూ అయింది, ఇంకేం కావాలి?”

ఇంకా కావాలి. మన దేశంలో భూమి హక్కు ఒక అంచనా మాత్రమే. 1971 చట్టం కింద పాసు పుస్తకంలో ఉన్నది తప్పని రుజువయ్యేదాకా నిజమని నమ్ముతారు. సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును, అమ్మేవాడి హక్కుకు ఆయన పూచీ పడడు. ప్రభుత్వమే హక్కుకు హామీ ఇచ్చే పద్ధతిని 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ మొదలుపెట్టాడు. అలాంటిదే తెస్తామని ఆంధ్రప్రదేశ్ చేసిన భూమి హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చి, ఎన్నికల్లో పెద్ద రచ్చయి, 2024లో రద్దయింది. కాబట్టి లింకు దస్తావేజులు, ఈసీ, అడంగలు తిరగేయడం, పక్క పొలం వాళ్లను అడగడం ఇవాళ్టికీ తప్పవు.

“కట్నం కింద ఇచ్చేశాం, ఆడపిల్లకి ఇంకేం వాటా?”

కట్నానికీ వాటాకీ చట్టంలో చుట్టరికం లేదు. కట్నమే నేరం, అది వేరే సంగతి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇవ్వడంలో దేశానికి దారి చూపింది మనమే. 1985 సెప్టెంబరు 5 నుంచి, ఎన్టీఆర్ హయాంలో. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం ఆ సవరణ పక్కన పెట్టింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే సరిగ్గా జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడరు. తండ్రి స్వార్జితమైతే వీలునామాతో ఎవరికైనా రాయొచ్చు. రాయకుండా పోతే భార్యకీ, తల్లికీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానమే.

“కువైట్ డబ్బుతో పొలం కొంటే తప్పేంటి?”

మహారాష్ట్ర, గుజరాత్‌లలో వ్యవసాయదారులు కానివాళ్లకు పొలం కొనడం కష్టం. మన దగ్గర ఆ అడ్డు లేదు. అడ్డు వేరే చోట ఉంది. ఉద్యోగానికి విదేశంలో ఉంటున్నవాళ్లు, చేతిలో భారత పాస్‌పోర్టే ఉన్నా, ఫెమా నిబంధనల ప్రకారం ఇక్కడ పంట భూమి గానీ తోట గానీ కొనకూడదు. ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు, వెళ్లకముందు కొన్నదీ ఉంచుకోవచ్చు. అమెరికా కొడుక్కి తండ్రి పొలాన్ని గిఫ్టు దస్తావేజు రాస్తే చెల్లదు, వీలునామా రాస్తే చెల్లుతుంది. రాజోలు, మలికిపురం వైపు గల్ఫ్‌లో కష్టపడి పంపిన డబ్బుతో నాన్న పేరున కొనేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. నాన్న వీలునామా రాయకుండా పోతే ఆ పొలంలో తోబుట్టువులందరికీ వాటా వస్తుంది.

“పదెకరాలు దాటితే సర్కారు లాక్కుంటుంది” అన్నది సగం నిజం. 1973 సీలింగు చట్టంలో ఐదుగురున్న కుటుంబానికి మాగాణి పది నుంచి ఇరవై ఏడెకరాలు, మెట్ట ముప్పై ఐదు నుంచి యాభై నాలుగు, నేల తరగతిని బట్టి. పది అన్నది అన్నిటికంటే మంచి మాగాణి లెక్క.

కాలువగట్టు మీది రైతు ఫారాన్ని మళ్లీ అవే మడతల్లో పెట్టాడు. “సంక్రాంతికి వస్తారండి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ఎలాగూ వెళ్తారు కదా, అక్కడ కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు అడుగుతానండి” అన్నాడు. అప్పటికి సార్వా కోతలై, ధాన్యం గట్టెక్కి, తుపాన్ల కాలం కూడా దాటిపోతుంది.