సెన్సర్ మార్చే ముందు

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో పసుపు లైటు వెలిగింది. బండి నడుస్తూనే ఉంది, కాకపోతే ఐడిలింగ్‌లో కాస్త వణుకుతోంది. గ్యారేజీలో స్కానర్ పెడితే ‘పీ0171’ అని వచ్చింది. ‘‘పెట్రోలు తక్కువ అందుతోందని చూపిస్తోంది సార్, ఆక్సిజన్ సెన్సర్ పోయింది’’ అన్నాడు మెకానిక్. కొత్త సెన్సర్ వేశాడు, కోడ్ చెరిపేశాడు, లైటు ఆరిపోయింది. వారం తిరక్కుండానే మళ్లీ వెలిగింది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మరే ఊళ్లోనైనా కార్ల ఎలక్ట్రికల్ పని చేసేవాళ్లకు ఇలాంటి బండ్లు కొత్తేమీ కాదు.

నిజానికి ఆక్సిజన్ సెన్సర్ పాడైందని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు. ఇంజిన్‌లోకి వస్తున్న గాలికి సరిపడా పెట్రోలు పడటం లేదని, తాను ఎంత సర్దినా లెక్క కుదరడం లేదని మాత్రమే ఇంజిన్ కంప్యూటర్ ఫిర్యాదు చేసింది. ఆ సంగతి కనిపెట్టింది సెన్సరే. తన పని తాను సరిగ్గా చేసినందుకే అది ఊడి చెత్తబుట్టలో పడింది.

అసలు దోషిని పట్టుకునే ఆధారం అదే స్కానర్‌లో మరో పేజీలో ఉంటుంది. పెట్రోలు ఎంత పెంచుతున్నదీ, ఎంత తగ్గిస్తున్నదీ కంప్యూటర్ శాతాల్లో చూపిస్తుంది. ‘ఫ్యూయల్ ట్రిమ్’ అనే ఆ అంకె ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌లో సున్నాకు అటూ ఇటూ తిరుగుతుంది. 25 శాతం దాకా పెరిగిందంటే ఏదో తేడా జరుగుతున్నట్టే. అయితే ఎంత పెరిగిందన్న దానికన్నా ఎప్పుడు పెరిగిందన్నదే ముఖ్యం. ఐడిలింగ్‌లో ఎక్కువగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కి 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే మామూలుకు వచ్చేస్తోందా? అయితే ఏదో రబ్బరు గొట్టం చీలి, అక్కడి నుంచి దొంగ గాలి లోపలికి పోతోందని మొదట అనుమానించాలి. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలి కొంచెమే కాబట్టి ఆ చిన్న చీలికే పెద్ద తేడా తెస్తుంది. అలా కాక ఐడిలింగ్‌లో బాగానే ఉండి, బండి బరువు లాగేటప్పుడు శాతం పెరుగుతోందంటే పెట్రోల్ పంపు నీరసించిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టిందో చూడాలి. గాలి గొట్టాల్లోకి పొగ పంపే యంత్రం ఉంటే చీలిక ఎక్కడుందో కళ్లెదుటే తెలిసిపోతుంది. సెన్సర్ ధర ముందు ఆ గొట్టం ధర ఎంతో కాదు.

ఈ ఇంజిన్ లైటు పుట్టింది డ్రైవర్ సౌకర్యం కోసం కాదు, పొగను అదుపు చేయడం కోసం. లాస్ ఏంజెలెస్‌ను కమ్మేసిన వాహనాల కాలుష్యంతో విసిగిన కాలిఫోర్నియా, 1988 మోడళ్ల నుంచి కారు తన లోపాలను తానే కనిపెట్టి చెప్పాలని నిబంధన పెట్టింది. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో ప్లగ్గు, ఒక్కో కోడ్ భాష. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఒకే 16 పిన్నుల సాకెట్, ఒకే కోడ్ పద్ధతి తప్పనిసరైంది. దాన్నే ఓబీడీ-2 అంటారు. మన దేశంలో ఓబీడీ మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో అమల్లోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు, 2023 ఏప్రిల్ నుంచి వాటి రెండో దశ వచ్చి ఈ నిఘాను మరింత బిగించాయి. అందుకే ఇప్పటి కార్లలో స్టీరింగ్ కింద తడిమి చూస్తే ఆ సాకెట్ చేతికి తగులుతుంది.

కోడ్‌లో మొదటి అక్షరం ‘పీ’ అయితే తేడా ఇంజిన్, గేర్‌బాక్సుల వైపు ఉన్నట్టు. ‘బీ’ అంటే బాడీ, ‘సీ’ అంటే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి, ‘యూ’ అంటే కంప్యూటర్ల మధ్య మాటలు తెగిపోయాయని. ఆ తర్వాతి అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం. ఒకటి అయితే సాధారణంగా ఆ కంపెనీ సొంత కోడ్. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపే చవక స్కానర్లు ఇంజిన్ కోడ్‌లను చదివేస్తాయి గానీ ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ దగ్గరకు వచ్చేసరికి చాలాసార్లు చేతులెత్తేస్తాయి.

లైటు స్థిరంగా వెలుగుతుంటే జాగ్రత్తగా నడుపుకుంటూ గ్యారేజీకి చేరవచ్చు. మినుకు మినుకుమంటే మాత్రం వేగం తగ్గించి, వీలైనంత త్వరగా పక్కన ఆపేయాలి. సిలిండర్‌లో మంట పడక పచ్చి పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతోందని దాని అర్థం. అక్కడ అది మండితే కన్వర్టర్ కరిగిపోతుంది.

ఎలక్ట్రికల్ తేడాల్లో తెలిసినవాళ్లు మొదట చూసేది బ్యాటరీనే. పూర్తిగా చార్జయిన బ్యాటరీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి జారకూడదు. ఇంజిన్ నడుస్తుంటే చాలా కార్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ బాగా పడిపోతే కంప్యూటర్లు క్షణకాలం తడబడి, సంబంధం లేని కోడ్‌లు కూడా రాసేసుకుంటాయి. ఒకేసారి పది కోడ్‌లు వస్తే పది సామాన్లు పోయినట్టు కాదు.

బ్యాటరీ తర్వాత ఎర్త్. ఇంజిన్‌నూ బాడీనీ బ్యాటరీ మైనస్‌తో కలిపే తీగ తుప్పు పట్టినా, బోల్టు వదులైనా బండి దయ్యం పట్టినట్టు ప్రవర్తిస్తుంది. హెడ్‌లైటు వేస్తే టెంపరేచర్ ముల్లు కదలడం, ఇండికేటర్ వేస్తే మరేదో వెలగడం దీని గుర్తులే. ఇక్కడ మీటర్‌లో ఓములు చూసి చాలామంది మోసపోతారు. వంద పోగుల తీగలో రెండు పోగులే మిగిలినా ఓమ్ మీటర్ ‘బాగుంది’ అనే చెబుతుంది. పోగులు తెగిన చేంతాడు చిలక్కొయ్యకు వేలాడుతున్నంతసేపూ గట్టిగానే కనిపిస్తుంది, నిండు బాల్చీ పైకి లాగేటప్పుడే దాని సంగతి బయటపడుతుంది. తీగనూ అలాగే, బరువు మీదే పరీక్షించాలి. మీటర్‌ను వోల్టుల్లో పెట్టి, ఒక కొనను బ్యాటరీ మైనస్‌కు, రెండోదాన్ని ఇంజిన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టుల దాకా చూపిస్తే పర్వాలేదు. అర వోల్టు దాటితే దోషం ఆ దారిలోనే ఉంది. బోల్టు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

సెన్సర్ల కుటుంబంలోనూ ఒకరి తప్పుకు మరొకరు మాట పడటం ఉంది. కంప్యూటర్ చాలా సెన్సర్లకు 5 వోల్టుల సరఫరాను ఒకే లైను నుంచి ఇస్తుంది. అందులో ఒక్కటి లోపల షార్ట్ అయితే ఆ లైను మీదున్న మిగతావన్నీ తప్పు లెక్కలు చెబుతాయి. అప్పుడు కప్లర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ, ఏది తీయగానే 5 వోల్టులు తిరిగి వచ్చాయో చూడటమే దారి.

అన్నిటికన్నా సతాయించేది వచ్చి పోయే జబ్బు. ఎండలో గంటసేపు నడిచాక బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది, అరగంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. క్రాంక్ సెన్సర్ లోపలి సన్నని చుట్ట వేడికి తెగి, చల్లబడితే మళ్లీ కలుసుకోవడం ఇందుకు ఒక కారణం. గ్యారేజీకి వచ్చేసరికి బండి చల్లబడి బుద్ధిగా నడుస్తుంది. కోడ్ రాసుకున్న క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్న వివరాలను కంప్యూటర్ దాచుకుంటుంది కాబట్టి, వాటిని చదివి అదే వేడి పుట్టించి చూడాలి. ముందే కోడ్ చెరిపేస్తే ఆ సాక్ష్యం కూడా పోతుంది.

నేటి కారులో కంప్యూటర్ ఒక్కటి కాదు. ఇంజిన్‌కు, బ్రేకులకు, ఎయిర్‌బ్యాగులకు, మీటర్లకు వేర్వేరుగా ఉంటాయి. బాష్ కంపెనీ 1986లో ప్రపంచానికి చూపించిన ‘క్యాన్’ పద్ధతిలో అవి మెలితిప్పిన రెండు తీగల మీద మాట్లాడుకుంటాయి. ఆ జంట తీగలకు రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్లుంటాయి. బ్యాటరీ తీసేసి సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య కొలిస్తే చాలా కార్లలో 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక వైపు దారి తెగింది. సున్నా దగ్గర ఉంటే రెండు తీగలూ ఎక్కడో అతుక్కున్నాయి.

తీగలు తెగేది ఎలుకల వల్ల కూడా. రోజుల తరబడి కదలని కారు బానెట్ కింద అవి కాపురం పెడతాయి. ఈ బెడదకు హోండా కంపెనీ ఏకంగా మిరపకాయ ఘాటు దట్టించిన టేపునే అమ్ముతోంది. కొరికిన తీగను మెలేసి ఇన్సులేషన్ టేపు చుట్టేస్తే ఇంజిన్ వేడికి జిగురు కారి నెలల్లో ఊడుతుంది. టంకం వేసి లేదా సరైన జాయింటు నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగితే నిలుస్తుంది.

2020 అక్టోబరులో వరదలు హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడను ముంచినప్పుడు నీళ్లలో నానిన కార్లకు కష్టం నీళ్లు దిగాకా తీరలేదు. మునిగిన బండికి తాళం తిప్పకూడదు. సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ మైనస్ తీసేసి టోయింగ్ చేయించాలి. ఇలాంటి ఇంజిన్ నష్టం మామూలు బీమాలో సాధారణంగా రాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి. ఇంజిన్ బతికినా కార్పెట్ కింది కప్లర్లలో తేమ మిగిలితే పిన్నులకు పచ్చ చిలుము పట్టి, వారాల తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది.

ఇంజిన్ కంప్యూటర్‌ను, అంటే ఈసీఎంను, అనుమానించాల్సింది చిట్టచివర. ముందు దానికి కరెంటు, ఎర్త్ అందుతున్నాయో లేదో కొలవాలి. నిజంగానే లోపల పాడైతే ఎక్కువగా కాలేది ఇగ్నిషన్ కాయిల్‌నో ఇంజెక్టర్‌నో నడిపే ట్రాన్సిస్టర్. 1990ల నాటి కొన్ని మిత్సుబిషి కార్లలోనైతే కెపాసిటర్లు కారి బోర్డును తినేశాయి. ట్రాన్సిస్టర్‌ను కాల్చిన షార్ట్ కాయిల్‌లోనే ఉంటే, దాన్ని వదిలేసి కొత్త ఈసీఎం పెట్టినా అదీ కాలుతుంది. మరో పాత బండి నుంచి తెచ్చి బిగించినా చాలా కార్లలో తాళంచెవి రహస్య సంకేతం కలవక స్టార్టవదు. బండిలో ముందున్నదాని మెమరీలోని సమాచారాన్ని తెచ్చినదానికి ఎక్కించాలి.

ఇంత తెలిసీ గ్యారేజీలు సెన్సర్లు ఎందుకు మార్చేస్తాయి? సామానుకు డబ్బిచ్చే యజమాని, రెండు గంటలు కొలిచి ‘గొట్టం చీలింది’ అని చెప్పినందుకు ఇవ్వడానికి వెనకాడతాడు కాబట్టి. ‘ఊరికే చెక్ చేయండి’ అనే మాట దగ్గరే ఖర్చు మొదలవుతుంది. కొన్ని వర్క్‌షాపులు తనిఖీ ఖర్చును బిల్లులో విడిగా రాస్తున్నాయి. అలాంటి చోట యజమాని కూడా వచ్చిన కోడ్ ఏమిటి, సామాను మార్చక ముందు కొలత ఎంత, మార్చాక ఎంత అని రాయించుకోవచ్చు, తీసేసిన పాత సామానును వెంట తీసుకెళ్లవచ్చు.