పడవ ట్యాంకులో ఇంధనం ఎంతుందో ఎలా తెలుస్తుంది?

తరిగొప్పుల నుంచి ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకు విహారానికి వెళ్లి, మోటారు పడవ ఎక్కారనుకోండి. నడిచెరువులో డీజిల్ అయిపోతే దిగి తోసుకుంటూ పోలేం కదా! అందుకే బయల్దేరే ముందే చూసుకోవాలి. ట్యాంకులో తేలే చిన్న బెండు ఇంధనంతోపాటు లేస్తూ, దిగుతూ బయట మీటరు ముల్లును కదుపుతుంది. కానీ గిన్నెను వంచితే చారంతా ఒక పక్కకు చేరినట్టు, పడవ ఊగితే ఇంధనమూ ఒరుగుతుంది. ముల్లు ఇప్పుడు సగమంటుంది, మరుక్షణం పావంటుంది.

కాబట్టి నా ఓటు కొలకర్రకే. ఒడ్డున పడవ నిలకడగా ఉన్నప్పుడు శుభ్రమైన కర్రను ట్యాంకు అడుగుదాకా నిలువుగా దించి తీస్తే, తడిసినంత మేరా ఇంధనమే. "సగం తడిస్తే సగం ట్యాంకేనా?" అంటారేమో. అన్నిసార్లూ కాదు. కొన్ని పడవల్లో ట్యాంకు అడుగున ఇరుకు, పైన వెడల్పు. సగం ఎత్తుకు ఉన్నది సగంకన్నా తక్కువే. ఖాళీ ట్యాంకులో 5 లీటర్ల చొప్పున పోస్తూ ప్రతిసారీ కర్రపై గీత పెట్టుకుంటే ఆ చిక్కు తీరుతుంది. పెట్రోలు తడి చప్పున ఆరిపోతుంది, వెంటనే చూడాలి. (ఇది పెద్దవాళ్ల పని, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.) ఇక ఎంత ఉంటే చాలు? పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, మిగిలింది ఆపదకు. జాగ్రత్తగల పడవవాళ్ల లెక్క ఇదే.